వేలం ప్రకటన పేపర్లో పడకముందే: లోన్‌లో ఉన్న ఇంటిని మనమే అమ్ముకోవచ్చా?

ఇవాళ అసలు వేరే టాపిక్ అనుకున్నాను. మొన్న రాత్రి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, అది విన్నాక టాపిక్ మార్చేశాను.

పంపిన తమ్ముడిది రాజోలు దగ్గర పల్లెటూరు. కువైట్‌లో డ్రైవింగ్ చేస్తున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. "అన్నా, మా ఇంటి గేటుకి బ్యాంకోళ్లు కాగితం అంటించారంట. పక్కింటి కుర్రాడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే నాకు తెలిసింది. నాన్నని అడిగితే ఏం లేదురా, నువ్వు పని చూసుకో అంటున్నాడు. ఇల్లు పోద్దా అన్నా?" ఇదీ మెసేజ్.

ఆ ఫొటో తెప్పించుకుని చూశాను. స్వాధీన నోటీసు అది. అంటే అంతకుముందే ఇంకో నోటీసు వచ్చి, 60 రోజులు గడిచిపోయి ఉండాలి. వాళ్ల అమ్మగారితో మాట్లాడితే అప్పుడు బయటపడింది. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కవరు బీరువాలో చీరల కింద ఉంది. విప్పారు, చదివారు, మళ్లీ మడిచి పెట్టేశారు. కొడుకు దూరాన ఉన్నాడు, కంగారు పడతాడని. ఊళ్లో తెలిస్తే పరువు పోద్దని.

నేను చాలా ఏళ్లు ఇంటి లోన్ల ఫైళ్లు చూసినవాణ్ణి. బీరువాలో దాచిన ఈ కవర్లు నాకు కొత్త కాదండీ. మన కోనసీమలో ఇంటి మీద లోన్ ఉందని చెప్పుకోడానికి సిగ్గు లేదు గానీ, కట్టలేకపోతున్నాం అని చెప్పుకోడానికి మాత్రం ప్రాణం పోద్ది. ఆ సిగ్గులో పోయే రోజులే అసలు నష్టం. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

తమ్ముడు అడిగిన ప్రశ్నని కొంచెం విడగొడదాం. ఈఎంఐలు ఎలాగూ కట్టలేం, ఇల్లు నిలవదు అని తేలిపోయింది అనుకోండి. అప్పుడు బ్యాంకు వేలం వేసేదాకా చూస్తూ కూర్చోవాలా, మనమే కొనేవాణ్ణి వెతుక్కుని అమ్ముకోవచ్చా? అమ్మినా వచ్చే డబ్బు అప్పు కంటే తక్కువైతే ఆ తేడా ఎవరు కట్టాలి?

ఆ చివరి మాటకే అమెరికాలో ఒక పేరుంది. షార్ట్ సేల్. అప్పు ఎంత ఉందో దానికంటే తక్కువ ధరకి ఇల్లు అమ్ముతాం, ఆ తక్కువకి బ్యాంకు ముందే ఒప్పుకుంటుంది. డబ్బు అంత 'షార్ట్' పడుతుంది కాబట్టి ఆ పేరు. మీలో ట్రేడింగ్ యాప్‌లు వాడేవాళ్లు ఉంటారు, షేర్లలో షార్ట్ కొట్టడం గుర్తొస్తుంది. దానికీ దీనికీ ఏ సంబంధం లేదు, అది మర్చిపోండి.

ఇంకో మాట దగ్గర కూడా జాగ్రత్త. అమెరికావాళ్లు ఫోర్‌క్లోజర్ అంటే బ్యాంకు ఇల్లు లాక్కుని అమ్మేయడం. మన దగ్గర లోన్ యాప్‌లో ఫోర్‌క్లోజర్ అని బటన్ కనిపిస్తే, అది గడువుకి ముందే లోన్ మొత్తం కట్టేసి క్లోజ్ చేసుకోవడం. ఒకే మాట, పూర్తిగా వేరే అర్థాలు. యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి, ఆ బటన్ చూసి హడలిపోయినవాళ్లు నాకు తెలుసు.

అమెరికాలో 2007, 2008లో ఇళ్ల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. 2005, 2006లో పెద్ద లోన్లు పెట్టి ఇళ్లు కొన్నవాళ్లకి ఇంటి ధర కంటే అప్పు ఎక్కువైపోయింది. అప్పుడు షార్ట్ సేల్ ఇంటింటి మాట అయింది. 2010లో అక్కడి ప్రభుత్వం హాఫా అని ఒక ప్రోగ్రాం పెట్టింది. షార్ట్ సేల్‌కి ఒప్పుకుని ఇల్లు ఖాళీ చేసేవాళ్లకి సామాను మార్చుకోడానికి 3,000 డాలర్లు కూడా ఇచ్చారు. కానీ ఒక చిక్కు ఉండేది. కొన్ని రాష్ట్రాల్లో ఇల్లు అమ్మేశాక కూడా మిగిలిన బాకీ కోసం బ్యాంకు వెంటపడొచ్చు. కాలిఫోర్నియా 2011లో చట్టం చేసి దాన్ని ఆపింది. షార్ట్ సేల్‌కి ఒప్పుకున్నాక మిగతా బాకీ అడగకూడదు అని. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మన కథలో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన దేశంలో షార్ట్ సేల్ అనే పేరుతో చట్టం లేదు. బ్యాంకుకి వెళ్లి షార్ట్ సేల్ కావాలి అంటే మేనేజర్ గారు వింతగా చూస్తారు. కానీ పని మాత్రం ఉంది. రెండు ముక్కలుగా ఉంది. ఒకటి, బ్యాంకు రాతపూర్వక అనుమతితో మనమే ఇల్లు అమ్మడం. రెండు, తక్కువ పడినదానికి వన్ టైమ్ సెటిల్‌మెంట్, అదే ఓటీఎస్. ఈ రెండూ కలిపితే షార్ట్ సేలే.

దీనికి మూలం 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం ఇచ్చింది. బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు, సహకార బ్యాంకులు దీన్ని వాడతాయి. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చిన వడ్డీ వ్యాపారికి మాత్రం ఈ అధికారం లేదు. ఆయన వచ్చి తాళం వేస్తానంటే అది చట్టం కాదు, దౌర్జన్యం.

దీని తేదీలు ఎలా నడుస్తాయో చెబుతా. ఫోన్‌లో రాసుకోండి.

ఈఎంఐ కట్టడం ఆగి 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ. ఆ తర్వాత సెక్షన్ 13(2) కింద డిమాండ్ నోటీసు వస్తుంది. మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని. బీరువాలోకి వెళ్లిపోయే కవరు ఇదే! ఈ నోటీసుకి మనం రాతపూర్వకంగా అభ్యంతరం రాయొచ్చు. రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. 60 రోజులు దాటితే సెక్షన్ 13(4) కింద స్వాధీన నోటీసు గేటుకి అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి మన భాషలో ఉండాలి. చాలాసార్లు ఇది కాగితం మీద స్వాధీనమే. మీరు ఇంకా ఇంట్లోనే ఉంటారు. దీనిమీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. మనకి అది విశాఖపట్నంలో. ఆ తర్వాత బ్యాంకు వాల్యుయేషన్ చేయించి, రిజర్వ్ ధర పెట్టి, వేలానికి 30 రోజుల ముందు అమ్మకం నోటీసు ఇస్తుంది. ఆ వేలం ప్రకటన పేపర్లో పడుతుంది.

ఆ ప్రకటన పడే రోజే మనకి గీత. 2016 దాకా వేలం పూర్తయ్యేలోపు ఎప్పుడైనా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు అనే ధీమా ఉండేది. 2016లో సెక్షన్ 13(8) మార్చారు. 2023 సెప్టెంబర్‌లో సెలిర్ వర్సెస్ బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మొత్తం కట్టి విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే. ఆ కేసులో అప్పుదారు వేలం అయిపోయాక డబ్బు తెచ్చాడు. హైకోర్టు సరే అంది, సుప్రీంకోర్టు కాదంది. వేలంలో కొన్నవాడికే ఆస్తి దక్కింది.

అంటే వేలం తేదీ దాకా టైముంది అని మన పెద్దాళ్లు అనుకుంటున్నారు చూడండి, ఆ లెక్క తప్పు. టైము పేపర్లో ప్రకటన పడేదాకానే. ఆ తర్వాత కట్టడానికి డబ్బు తెచ్చినా తీసుకోవాలా వద్దా అన్నది మీ హక్కు కింద ఉండదు.

ఇంకో సెక్షన్ ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. 13(13). డిమాండ్ నోటీసు చేతికి వచ్చాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మకూడదు, లీజుకి ఇవ్వకూడదు. కాబట్టి కంగారులో బావమరిది పేరు మీద రాసేద్దాం, తెలిసినాయన దగ్గర అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంట్ రాసేద్దాం అనే ఐడియాలు ఎవరిచ్చినా వినకండి. అడ్వాన్స్ ఇచ్చినవాడు రేపు మీ మీద కేసు వేస్తాడు. అప్పు ఒకటి ఉన్నచోట రెండవుతాయి.

సరే, మరి బ్యాంకు ఎందుకు ఒప్పుకోవాలి? ఇక్కడ లెక్క చూడాలి. ఇవి నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు, ఎవరి ఇంటివీ కావు.

బాకీ 32 లక్షలు అనుకుందాం. ఇల్లు మామూలుగా అమ్మితే 27 లక్షలకి పోతుంది. వేలంలో పెట్టారు. మన పల్లెల్లో ఇంకొకరి ఇల్లు వేలంలో కొనడానికి ఊళ్లోవాళ్లు ముందుకు రారు, మొహమాటం. బయటివాళ్లకి లోపల మనుషులున్న ఇల్లంటే భయం. మొదటి వేలానికి ఎవరూ రాలేదు. రిజర్వ్ ధర తగ్గించి మళ్లీ పెట్టారు. రెండోసారి 15 రోజుల నోటీసు చాలు. చివరికి 22 లక్షలకి పోయింది. పేపరు ప్రకటనలు, వాల్యుయర్, సెక్యూరిటీ ఖర్చులు ఓ 50 వేలు అందులోంచే తీసుకున్నారు. బాకీకి జమ అయింది 21.5 లక్షలు. ఇంకా 10.5 లక్షలు మిగిలింది. ఈలోపు గడిచిన నెలల వడ్డీ దానికి అదనం.

ఇల్లు పోయింది కదా, లెక్క సరి అనుకుంటారు చాలామంది. సరి కాదండీ! సెక్షన్ 13(10) ప్రకారం మిగిలిన బాకీ కోసం బ్యాంకు ట్రిబ్యునల్‌కో కోర్టుకో వెళ్లొచ్చు. హామీ సంతకం పెట్టిన మేనమామ వెంట కూడా పడొచ్చు.

అదే మనం 27 లక్షలకి కొనేవాణ్ణి తీసుకొచ్చి నిలబెడితే? తేడా 5 లక్షలే. బ్యాంకుకి ఇప్పుడే 27 వస్తుంది, ఏళ్ల తరబడి తిరగక్కర్లేదు. అప్పుడు బేరం మొదలవుతుంది. ఆ 5 లక్షల్లో 2 మీరు కట్టండి, 3 వదిలేస్తాం అనొచ్చు. అసలు ఒప్పుకోకపోనూ వచ్చు. ఓటీఎస్ మన హక్కు కాదు, బ్యాంకు పాలసీని బట్టి ఉంటుంది. కానీ 2023 జూన్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రతి బ్యాంకుకీ ఇలాంటి రాజీల మీద బోర్డు ఆమోదించిన పాలసీ ఉండాలి. కాబట్టి "మా దగ్గర అలాంటిదేం లేదు" అని కౌంటర్లో ఎవరైనా అంటే, రాతపూర్వకంగా అడగండి. నోటితో చెప్పే 'లేదు' వేరు, లెటర్‌హెడ్ మీద రాసే 'లేదు' వేరు.

ఇంకో సందర్భం. ఇల్లు 40 లక్షలు పలుకుతుంది, బాకీ 25 లక్షలే. ఇది షార్ట్ సేల్ కాదు, మామూలు అమ్మకం. 15 లక్షలు మీ చేతికి రావాలి. వేలంలో పోయినా మిగులు మీకే ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ వేలంలో ఆ మిగులు కరిగిపోతుంది. ఇలాంటి ఇల్లున్నవాళ్లు కూడా సిగ్గుతో వేలం దాకా వెళ్లడం చూశాను. అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

బ్యాంకుకి ఏం రాయాలి? మేనేజర్‌ని కలిసి మాట్లాడటం మంచిదే, కానీ చేతిలో ఉత్తరం ఉండాలి, కాపీ మీద రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోవాలి. స్వాధీన నోటీసు వచ్చేసి ఉంటే బ్రాంచి కాదు, ఆ నోటీసు కింద సంతకం పెట్టిన ఆథరైజ్డ్ ఆఫీసర్‌కి రాయాలి. ఆయన రాజమండ్రిలోనో కాకినాడలోనో కూర్చోవచ్చు. ఇవాళ్టి దాకా బాకీ ఎంతో అసలు, వడ్డీ, ఛార్జీలు విడివిడిగా ఇమ్మని అడగండి. కొనేవాడి పేరు, ధర, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాయండి. ఆయన కూడా లోన్ తీసుకుంటుంటే ఆ బ్యాంకు శాంక్షన్ లెటర్ జత చేయండి. ధర సరైనదే అని చూపించడానికి ప్యానెల్ వాల్యుయర్ రిపోర్టు ఉంటే బలం. తమ్ముడికో బావకో తక్కువకి అమ్మినట్టు చూపిస్తే బ్యాంకు ఇట్టే పట్టేస్తుంది, ఆ తర్వాత మీ మాట నమ్మదు.

డబ్బు మీ చేతికి రాకూడదు. కొనేవాడి దగ్గరనుంచి నేరుగా లోన్ అకౌంట్‌లోకి, డీడీగానో ఆర్‌టీజీఎస్‌గానో పోవాలి. కొనేవాడు కూడా అదే కోరుకుంటాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి బ్యాంకు మనిషి వచ్చి, డబ్బు అందాక ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చే ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

ఓటీఎస్ శాంక్షన్ లెటర్ వచ్చాక చదవండి, నాలుగుసార్లు చదవండి. 'పూర్తి, తుది పరిష్కారం' అని ఉందా? మిగతా బాకీ ఇక అడగం అని ఉందా? హామీదారుల్ని కూడా విడుదల చేస్తున్నాం అని ఉందా? కాలిఫోర్నియా చట్టంతో తెచ్చుకున్నదాన్ని మనం ఈ ఒక్క ఉత్తరంతో తెచ్చుకోవాలి. అందులో ఆ వాక్యం లేకపోతే 27 లక్షలు కట్టాక కూడా 5 లక్షలు మీ నెత్తి మీదే ఉన్నట్టు. గడువు తేదీ కూడా చూడండి. ఆ తేదీ దాటితే సెటిల్‌మెంట్ రద్దు అని సాధారణంగా రాస్తారు.

అంతా కట్టాక ఒరిజినల్ డాక్యుమెంట్లు 30 రోజుల్లోపు తిరిగివ్వాలి. ఆర్‌బీఐ రూలు, 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం. మన దగ్గర తాకట్టు కాగితం రిజిస్టర్ చేసి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టర్ చేయించి, ఈసీ తీసి చూసుకోవాలి. లేకపోతే కొన్నవాడు పదేళ్ల తర్వాత వచ్చి మీ తలుపు కొడతాడు.

ఇప్పుడు కోనసీమవాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు.

మొదటిది గల్ఫ్. ఇల్లు కొడుకు పేరు మీదో కూతురి పేరు మీదో ఉంటుంది, వాళ్లు మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. అమ్మాలంటే సంతకం కావాలి. అందుకు పవర్ ఆఫ్ అటార్నీ ఇండియన్ ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో అటెస్ట్ చేయించి పంపాలి. అది ఇండియాకి వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఎంబసీ అపాయింట్‌మెంట్, కఫీల్ సెలవు ఇవ్వడం, కొరియర్, ఇవన్నీ కలిపి వారాలు పడుతుంది. అందులో పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటే ఇంకా కష్టం. నోటీసు గోడకి పడ్డాక ఈ పని మొదలుపెడితే ప్రకటన ముందు వెళ్లిపోద్ది, కాగితం వెనక వస్తది. అందుకే ఈఎంఐ మూడోది తప్పిన నెలలోనే పవర్ కాగితం మొదలుపెట్టేయమని చెబుతాను. వాడకపోతే పక్కన పడేయొచ్చు.

రెండోది కొబ్బరి తోట. సర్ఫేసీ చట్టం సెక్షన్ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమిని ఈ చట్టం కింద స్వాధీనం చేసుకోలేరు. అంబాజీపేట, కొత్తపేట వైపు చాలామంది తోట కాగితాలు పెట్టి లోన్ తీసుకుంటారు, తోట మధ్యలో ఇల్లుంటుంది. "వ్యవసాయ భూమి కదా, ఏం చేయలేరు" అని ధీమాగా ఉంటారు. ఆగండి. రికార్డులో వ్యవసాయం అని ఉంటే సరిపోదు, నిజంగా సాగు జరుగుతుండాలి అని సుప్రీంకోర్టు 2018లో గోవా హోటల్ కేసులో చెప్పింది. నాలా కన్వర్షన్ చేయించి లేఅవుట్ వేసిన చోట ఈ రక్షణ అడగలేరు. రక్షణ ఉన్నా అప్పు మాఫీ కాదు, బ్యాంకు కోర్టుకో ట్రిబ్యునల్‌కో వెళ్తుంది. రూటు మారుతుంది అంతే. పనిలో పని, ఇంకో మినహాయింపు కూడా చెబుతా: మిగిలిన బాకీ అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం కంటే తక్కువైతే సర్ఫేసీ వాడకూడదు. చివరి రెండు మూడేళ్ల ఈఎంఐల దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లు ఇది చూసుకోండి.

నష్టాలు కూడా చెప్పాలి, లేకపోతే అమ్మకానికి బ్రోకర్‌లా మాట్లాడినట్టు ఉంటుంది. ఓటీఎస్ చేస్తే సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాదు, 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు ఇంకో బ్యాంకు దాన్ని చూస్తుంది, అడుగుతుంది. అదే బ్యాంకు కనీసం ఏడాది పాటు మామూలు లోన్లు మళ్లీ ఇవ్వదు. వ్యవసాయ లోన్ల సంగతి వేరు. అమెరికాలో కూడా మచ్చ ఉంటుంది, కాకపోతే తేడాగా ఉంటుంది. అక్కడ ఫానీ మే రూల్స్‌లో ఫోర్‌క్లోజర్ అయితే కొత్త ఇంటి లోన్‌కి 7 ఏళ్లు ఆగాలి, షార్ట్ సేల్ అయితే 4 ఏళ్లు. మన దగ్గర అలా అంకె రాసిపెట్టి ఉండదు, బ్యాంకుని బట్టి. నా అభిప్రాయం అడిగితే, ఎన్‌పీఏ అయిన రోజే సిబిల్ ఎలాగూ పోయింది. అక్కడినుంచి ఆలోచించాల్సింది స్కోరు గురించి కాదు, 5 లక్షల అప్పుతో బయటపడతామా, 10 లక్షల అప్పుతోనా అన్నది.

ఇక అసలు అమ్మకూడని సందర్భం. ఉద్యోగం పోయి రెండు నెలలే అయింది, మళ్లీ వస్తుందని నమ్మకం ఉంది అనుకోండి. ఇల్లు అమ్మకండి. బ్యాంకుని గడువు పెంచమని, ఈఎంఐ తగ్గించమని అడగండి. బకాయి ఈఎంఐలన్నీ కట్టేస్తే లోన్ మళ్లీ మామూలు అవుతుంది. 90 రోజులు దాటకముందు అడిగితే మీ మాటకి విలువ ఎక్కువ.

ఇలాంటి టైములో చుట్టూ చేరేవాళ్ల గురించి ఒక్క ముక్క. "వేలం ఆపిస్తా, లక్ష ఇవ్వండి" అనేవాడు ఒకడు వస్తాడు. వేలం ఆపగలిగేది ట్రిబ్యునల్, హైకోర్టు, లేదా బ్యాంకు. మధ్యలో మనిషి కాదు. ఆ లక్ష లోన్ అకౌంట్‌లో వేస్తే కనీసం బాకీ తగ్గుతుంది. రికవరీ వాళ్లు ఫోన్ చేసి బెదిరిస్తే, ఉదయం 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది, రికార్డ్ చేసుకోండి. మీ ఇల్లు వేలానికి వచ్చిందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ప్రభుత్వ బ్యాంకుల వేలాల కోసం బ్యాంక్‌నెట్ అనే పోర్టల్ 2025 జనవరిలో వచ్చింది. జిల్లా పేరు పెట్టి వెతకండి. పక్కింటి కుర్రాడి వాట్సాప్ కోసం ఆగక్కర్లేదు.

కువైట్ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. స్వాధీన నోటీసు పడింది గానీ వేలం ప్రకటన ఇంకా రాలేదు, మూడు రోజులు వరసగా చూశాం. నిన్న వాళ్ల నాన్నగారు మా ఇంటికి వచ్చారు. కవర్లన్నీ ఒక సంచిలో తెచ్చారు, మొత్తం నాలుగున్నాయి. టేబుల్ మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. "మీవోడికి ముందే చెప్పుంటే బాగుండేది బాబాయ్" అన్నాను. "వాడు ఎండలో బండి తోలతన్నాడు, ఇది కూడా చెప్పనా?" అన్నారాయన. నాకు జవాబు రాలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆథరైజ్డ్ ఆఫీసర్‌కి ఉత్తరం రాశాం. మలికిపురం వైపు ఒకాయన ఇల్లు చూసి వెళ్లాడు, ధర చెప్పాడు. బాకీ కంటే తక్కువే, కానీ బేరానికి పనికొచ్చే ధర. తమ్ముడు ఎంబసీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు, వచ్చే బుధవారం. సెలవు దొరకలేదంట, రాత్రి డ్యూటీకి మార్చుకుని వెళ్తానన్నాడు. బ్యాంకు ఏమంటుందో ఇంకా తెలీదు. తెలిశాక, వాళ్లు ఒప్పుకుంటే చెబుతాను, ఒప్పుకోకపోయినా చెబుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ పవర్ ఆఫ్ అటార్నీ ఫార్మాట్ ఎలా రాయాలి, అమ్మకానికి మాత్రమే పరిమితం ఎలా చేయాలి అన్నది స్క్రీన్ మీద పెట్టి చూపిస్తాను. మీ ఇంట్లో బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఈలోపు ఒకసారి కనుక్కోండి. ఉంటానండీ.